సహకార పాఠం: పింఛను నిబంధనలు, పాల సంఘం పుస్తకాలు

భైంసా చుట్టుపక్కల ఉన్న ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం మహాజన సభకు క్రిందటి సంవత్సరం హాజరైనాను. ఎజెండాలో చివరి అంశం కార్యదర్శి గారి పదవీ విరమణ. 31 సంవత్సరాలు తెల్లవారుజామున సంఘం తలుపు తీసి, పాలు పోయించుకొని, లెక్క వ్రాసి, పక్షానికొకసారి బిల్లులు పంచిన మనిషి. అధ్యక్షులు శాలువా కప్పినారు. సభ్యులు చప్పట్లు కొట్టినారు. సభ ముగిసిన తరువాత ఆయన నన్ను ప్రక్కకు పిలిచి, "సార్, రేపటి సంది నాకేమన్న వస్తదా?" అని అడిగినారు.

నేను పుస్తకాలు తిరగవేసినాను. వేతనాల రిజిస్టరులో 31 సంవత్సరాల సంతకాలు ఉన్నవి. పింఛను కొరకు ఒక్క రూపాయి కూడ జమ అయినట్లు ఎక్కడా లేదు. ఇందులో సంఘం చట్టాన్ని ఉల్లంఘించినది కూడ లేదు. ముగ్గురు పనిచేసే సంఘాన్ని చట్టం ఏమీ అడగలేదు, పాలకవర్గం తనంతట తాను ఆలోచించలేదు. ఆయనకు ఆ రోజు నేను చెప్పగలిగిన సమాధానం చాల చిన్నది.

అదే సంఘంలో పాల పరీక్ష చేసే అబ్బాయి కూడ ఆ మాట వింటూ నిలబడి ఉన్నాడు. అబ్బాయి అంటున్నాను గాని అతని వయస్సు 39. పెద్దాయనకు ఆలస్యమైపోయినది, ఇతనికి ఇంకా కొన్ని నెలల గడువు ఉన్నది. ఆ కొన్ని నెలలు ఎందుకు ముఖ్యమో చెప్పడానికే ఈ పాఠం వ్రాస్తున్నాను.

పింఛను అనే ఒక్క మాట, మూడు వేరు వేరు సంగతులు

మన పల్లెలలో పింఛను అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది ఆసరా. అది 2014 నవంబరులో మన రాష్ట్రంలో ప్రారంభమైనది. ప్రభుత్వం బడ్జెటు నుండి వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు, బీడీ కార్మికులకు, మరికొందరికి ఇచ్చే సహాయం అది. అర్హత, మొత్తం, వయస్సు, అన్నీ ప్రభుత్వ నిర్ణయాలే. మనం కట్టినది ఏమీ లేదు గనుక మనకు ఖాతా అంటూ ఉండదు. దాని విలువ తక్కువ అని నా అభిప్రాయం కాదు. చాల ఇళ్ళలో పొయ్యి వెలిగేది దానితోనే. కాని ఒక ఉద్యోగి 31 సంవత్సరాల సేవకు ప్రతిఫలంగా దానిని చూపించడం సరికాదు.

రెండవది ఉద్యోగాన్ని బట్టి వచ్చే పింఛను. ఇందులో ఉద్యోగి వాటా, యజమాని వాటా ప్రతినెలా జమ అవుతాయి. మూడవది మనిషి తనకు తానుగా బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో, జీవిత బీమా సంస్థలోనో ఏర్పాటు చేసుకొనే పింఛను. ఈ రెండింటి నిబంధనలే ఇక్కడ మనకు కావలసినవి.

ప్రభుత్వోద్యోగుల మాట ఒక ముక్కలో చెప్పి వదిలివేస్తాను. ఎందుకంటే ప్రతి సంఘంలోను "మీకేం సార్, మీకు పింఛను ఉన్నది" అనే మాట నాకు వినిపిస్తుంది. నిజమే, నేను పాత పద్ధతిలో చేరినవాడిని. కాని 2004 సెప్టెంబరు 1 తరువాత అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వ సర్వీసులో చేరినవారు వాటా కట్టే పద్ధతిలోకి వచ్చినారు. నా ప్రక్క బల్లపై కూర్చొని ఇదే పని చేసే నా కంటె చిన్నవాడు ప్రతినెలా జీతంలో నుండి కడుతున్నాడు. కేంద్రంలో ఈ మార్పు 2004 జనవరి 1న జరిగినది. 2009 మే 1 నుండి అదే జాతీయ పింఛను పథకాన్ని దేశంలోని పౌరులందరికీ తెరిచినారు. దాని పర్యవేక్షణకు పింఛను నిధుల నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఉన్నది. 2013లో పార్లమెంటు చేసిన చట్టం దానికి పూర్తి అధికారాలు ఇచ్చినది.

20 మంది లెక్క, కరెంటు లెక్క

ఉద్యోగుల భవిష్య నిధి చట్టం 1952 నాటిది. మొదట అందులో పింఛను లేదు, పొదుపు మాత్రమే. 1971లో కుటుంబ పింఛను చేరినది. అది సభ్యుడు మరణిస్తే కుటుంబానికి వచ్చేది గాని బ్రతికి ఉన్న సభ్యునికి వచ్చేది కాదు. 1995 నవంబరు 16 నుండి ఉద్యోగుల పింఛను పథకం వచ్చిన తరువాతనే సభ్యునికి కూడ నెలనెలా పింఛను అనేది ఏర్పడినది.

ఈ చట్టం సాధారణంగా 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తించేది. ఒకసారి వర్తించిన తరువాత మనుషుల సంఖ్య 20కి తగ్గినా చట్టం వదిలిపెట్టదు. సహకార సంఘాలకు మాత్రం 16వ సెక్షనులో ఒక ప్రత్యేక వాక్యం ఉండేది. 50 మంది కంటె తక్కువ పనిచేస్తూ, విద్యుత్తు వంటి యాంత్రిక శక్తి సహాయం లేకుండ నడిచే సహకార సంఘానికి చట్టం వర్తించదని ఆ వాక్యం చెప్పినది.

ఈ వాక్యాన్ని సగం చదివినవారే ఎక్కువ. "సహకార సంఘానికి 50 మంది దాకా ఏమీ లేదు" అని ధైర్యంగా చెప్పే అధ్యక్షులను నేను చూచినాను. రెండవ సగం, అనగా శక్తి సహాయం లేకుండ అన్నది, వారు చదవరు. చేతితో తిప్పే సెంట్రిఫ్యూజులో వెన్న శాతం తీసి, క్యాన్లలో పాలు పోసి, లారీకి ఎక్కించిన రోజులలో ఆ సగం కూడ మనకు సరిపోయేది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ పరీక్ష యంత్రం, కరెంటు తూకం, బల్కు కూలరు వచ్చినవి. కరెంటు మీటరు బిగించిన సంఘం 50 అనే అంకెను నమ్ముకొని కూర్చొనరాదు. దానికి 20 అనే హద్దే లెక్క.

2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతి, 2020 అమలులోకి వచ్చినది. 1952 చట్టం స్థానంలో ఇకమీదట చూడవలసినది ఇదే. 20 మంది అనే హద్దు ఇందులోను ఉన్నది. వేతనం విషయంలో ఒక కొత్త మెలిక ఉన్నది: జీతంలో సగానికి మించి అలవెన్సులని వ్రాసి చూపితే, ఆ మించిన భాగాన్ని కూడ వేతనంగానే లెక్కిస్తారు. మూలవేతనం చిన్నదిగా వ్రాసి వాటా తగ్గించుకొనే అలవాటు ఉన్న సంఘాలు దీనిని గమనించవలెను. పాత మినహాయింపుపై ఆధారపడిన పెద్ద సంఘాలు, పాలశీతల కేంద్రాలు తమ ఉద్యోగుల సంఖ్య, యంత్రాల వివరం వ్రాసి పి.ఎఫ్. కార్యాలయం నుండి లిఖితపూర్వకంగా జవాబు తెప్పించుకొని ఫైలులో పెట్టుకొనవలెను. నోటిమాట జవాబు తనిఖీలో పనికిరాదు.

మనుషులను లెక్కపెట్టేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి. జీతాల పట్టికలో పేర్లు ఉన్నవారినే లెక్కపెడతారు. గుత్తేదారు ద్వారా వచ్చి క్యాన్లు ఎత్తేవారు, కాపలావారు, కూలరు కడిగేవారు కూడ లెక్కలోకి వస్తారు. ఒకే సంఘానికి రెండు మూడు ఊళ్ళలో పాల సేకరణ కేంద్రాలు ఉంటే అన్నీ కలిపి ఒకే సంస్థ. ఈ విధంగా కూడితే 12 అనుకొన్నది 22 కావడం నేను స్వయంగా చూచినాను.

వర్తించిన సంఘంలో ఉద్యోగి వేతనంలో 12 శాతం, సంఘం మరో 12 శాతం. సంఘం వాటాలో నుండి 8.33 శాతం పింఛను నిధికి పోతుంది, మిగిలినది ఉద్యోగి భవిష్య నిధి ఖాతాకు. 2014 సెప్టెంబరు 1 నుండి ఈ పింఛను లెక్కకు వేతన పరిమితి 15,000 రూపాయలుగా పెట్టినారు. ఆ పరిమితిలో 8.33 శాతమంటే నెలకు 1,250 రూపాయలు. ప్రతినెలా సొమ్మును మరుసటి నెల 15వ తేదీ లోపల కట్టవలెను. ఆలస్యమైతే వడ్డీ, దానిపై నష్టపరిహారం, రెండూ పడతాయి. సంఘం వాటాను ఉద్యోగి జీతంలో నుండి కోయరాదు. ఉద్యోగి వాటా కోసి కట్టకపోవడం బాకీ మాత్రమే కాదు, నేరపూరిత నమ్మక ద్రోహం.

ఈ చివరి మాట ఊరికే వ్రాయలేదు. నా సర్వీసులో ఒక సంఘం (పేరు చెప్పను, ఇప్పుడు బాగానే నడుస్తున్నది) 14 నెలలపాటు ఉద్యోగుల వాటా కోసి సస్పెన్సు ఖాతాలో వ్రాసుకొన్నది. అడిగితే, "బర్రెల దాణాకు వాడినం సార్, మళ్ళ కడతం" అన్నారు. దాణా సభ్యులకే పోయినది, ఎవరి జేబులోనికీ పోలేదు. అయినా ఆ 14 నెలలు ఉద్యోగుల లెక్కలో లేవు. అందులో ఒకరు ఆ మధ్యలోనే మరణించినారు. ఆ వితంతువు పింఛను దరఖాస్తు ఎంత కాలం నలిగినదో తలచుకొంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. నిబంధన ప్రకారం సర్వీసులో ఉన్న సభ్యుని పేర ఒక్క నెల వాటా జమ అయి ఉన్నా, అతడు మరణిస్తే భార్యకు పింఛను వస్తుంది. 25 సంవత్సరాలు నిండని ఇద్దరు పిల్లలకు కూడ వస్తుంది. ఒక్క నెల చాలునన్న చోట 14 నెలలు పోగొట్టినారు.

పది సంవత్సరాల గడప

ఈ భాగం కార్యదర్శుల కంటె సభ్యుల ఇళ్ళకు ఎక్కువ సంబంధించినది. భైంసాలోను, నిర్మల్ వైపు గ్రామాలలోను పాలు పితికే చేతులే మధ్యాహ్నం బీడీలు చుడతాయి. పత్తి సీజనులో అదే ఇంటి మగవారు జిన్నింగు మిల్లులో పనికి పోతారు. కాబట్టి "మాది పాల సంఘం, మాకు పి.ఎఫ్. తో పనిలేదు" అనుకొనే ఇంట్లోనే ట్రంకు పెట్టె అడుగున ఒక పి.ఎఫ్. నంబరు ఉంటుంది.

బీడీ పరిశ్రమకు భవిష్య నిధి 1977లో వర్తింపజేసినారు. ఇంటి దగ్గర కూర్చొని బీడీలు చుట్టేవారు ఉద్యోగులు కారని యజమానులు వాదించినారు. ఆ వాదాన్ని సుప్రీంకోర్టు 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో కొట్టివేసినది. చుట్టిన బీడీలలో బాగున్నవి తీసుకొని బాగులేనివి తిరస్కరించే అధికారం యజమానికి ఉన్నపుడు, పని ఇంట్లో జరిగినా అది ఉద్యోగమేనని తీర్పు. మన ఆడవారి పేర జమ అవుతున్న వాటాకు మూలం ఆ తీర్పు.

పింఛను పథకంలో అసలు గడప 10 సంవత్సరాల సర్వీసు. ఆరు నెలలు, అంతకు మించిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు గనుక తొమ్మిదిన్నర నిండితే పది క్రిందనే లెక్క. గడప దాటినవారికి 58 సంవత్సరాలు నిండగానే పింఛను వస్తుంది. 50 దాటిన తరువాత ముందుగా కూడ తీసుకొనవచ్చును గాని ముందుకు జరిపిన ప్రతి సంవత్సరానికి 4 శాతం తగ్గుతుంది. 58 తరువాత 60 దాకా ఆగితే సంవత్సరానికి 4 శాతం పెరుగుతుంది.

లెక్క కట్టే విధానం సులభం. చివరి 60 నెలల వేతనం సగటును సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగించవలెను. వేతనం 8,000, సర్వీసు 10 సంవత్సరాలయితే 80,000ను 70తో భాగిస్తే నెలకు 1,142 రూపాయలు. వేతనం 15,000, సర్వీసు 30 అయితే, 20 దాటినవారికి కలిపే రెండు సంవత్సరాలు కూడ చేర్చి 32తో హెచ్చించవలెను; 6,857 రూపాయలు వస్తుంది. 2014 నుండి కనీస పింఛను 1,000 రూపాయలుగా పెట్టినారు. ఇది చాల తక్కువ అని పింఛనుదారులు చేస్తున్న వాదనలో న్యాయం ఉన్నదని నేనూ అంటాను. కాని ఆ 1,000 రూపాయలు కూడ చాల మందికి రావడం లేదు. అందుకు కారణం వారి చేతులలోనే జరిగిన పొరపాటు.

ఆ పొరపాటు ఈ విధంగా జరుగుతుంది. బిడ్డ పెండ్లి వస్తుంది. ఎనిమిది సంవత్సరాల సర్వీసు ఉన్న తల్లి పని మానివేసినట్లు చూపి పి.ఎఫ్. తీస్తుంది. ఫారాలు నింపే మధ్యవర్తి పొదుపు సొమ్ముతో పాటు పింఛను భాగాన్ని కూడ తీసివేస్తాడు. నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చినవని ఆమె సంతోషిస్తుంది. మళ్ళీ రెండు నెలలకు అదే కార్ఖానాలో కొత్త నంబరుతో పని మొదలు పెడుతుంది. పాత ఎనిమిది సంవత్సరాలు ఆనాటితో చెరిగిపోయినవి. ఇట్లు రెండుసార్లు చేసినామె 20 సంవత్సరాలు పనిచేసి కూడ పది సంవత్సరాల గడప దాటదు.

పొదుపు భాగం వేరు, పింఛను భాగం వేరు అని ఇంటింటా తెలియవలెను. పింఛను భాగానికి వాడే 10-సి ఫారంలోనే రెండు కోరికలు ఉంటవి: సొమ్ము వెనుకకు ఇవ్వమని ఒకటి, స్కీము సర్టిఫికెట్టు ఇవ్వమని మరొకటి. సర్టిఫికెట్టు కోరితే ఆ సర్వీసు అంతా నిలిచి ఉండి తరువాతి పనితో కలుస్తుంది. ఏ గడిలో గుర్తు పెడుతున్నారో చూడకుండ వేలిముద్ర వేయరాదు.

జిన్నింగు మిల్లు పనివారికి ఒక మంచి నిబంధన ఉన్నది, చాల మందికి తెలియదు. సీజను పనిలో ఏడాదికి కొన్ని నెలలే పనిచేసినా, పింఛను లెక్కకు ఆ సీజను పూర్తి సంవత్సరంగా చూస్తారు. పది సీజనులు వాటా జమ అయితే గడప దాటినట్లే. అయితే మిల్లువారు పేరు వ్రాసి వాటా కట్టి ఉండవలెను. కాబట్టి ప్రతి సీజను చివర తన ఖాతాలో జమ పడినదా లేదా అని అడిగి చూచుకొనవలెను. పది సంవత్సరాల తరువాత అడిగితే మిల్లు యజమానే మారిపోయి ఉండవచ్చును.

మహిళా సభ్యులకు మరొక మాట. కార్ఖానా రిజిస్టరులో తల్లిగారింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తగారింటి ఇంటిపేరు ఉన్నందున ఆగిపోయిన కాగితాలు నేను ఎన్నో చూచినాను. పని చేస్తున్నపుడే సరిచేయించుకొంటే సులభం. 58 నిండిన తరువాత సరిచేయించడం కోర్టు పనివంటిది.

ముగ్గురున్న సంఘం ఏమి చేయవలెను

ఇక మన గ్రామ సంఘం మాట. ఒక కార్యదర్శి, ఒక పరీక్షకుడు, ఒక సహాయకుడు. 20 మంది లెక్కకు ఎన్నడూ రారు. యజమాని, ఉద్యోగులలో అధిక సంఖ్యాకులు ఒప్పుకొంటే స్వచ్ఛందంగా భవిష్య నిధిలో చేరే వీలు ఉన్నది. కాని నిర్వహణ ఖర్చు క్రింద సంస్థకు నెలకు కనీసం 500 రూపాయలు కట్టవలెనని 2018లో నిర్ణయించినారు. 200 మందికి అది లెక్కలోనిది కాదు, ముగ్గురికి భారమే. ప్రతినెలా కంప్యూటరులో వివరాలు పంపే పని వేరు. బల్కు కూలరు ఉండి, ఏడెనిమిది మంది పనిచేసే సంఘాలు దీనిని ఆలోచించవచ్చును. ముగ్గురున్న సంఘానికి నేను వేరే దారి చెబుతాను.

అది అటల్ పింఛను యోజన. 2015 జూన్ 1 నుండి అమలులో ఉన్నది. 18 నుండి 40 సంవత్సరాల వయస్సు వారు, బ్యాంకులోనో పోస్టాఫీసులోనో పొదుపు ఖాతా ఉన్నవారు చేరవచ్చును. ఆదాయపు పన్ను కట్టేవారికి 2022 అక్టోబరు 1 నుండి ప్రవేశం లేదు. 60 నిండిన తరువాత నెలకు 1,000 నుండి 5,000 రూపాయల వరకు, ఎంత కోరుకొన్నారో అంత వస్తుంది. దీనికి కేంద్ర ప్రభుత్వం హామీ. చందాదారు తరువాత భార్యకు, లేక భర్తకు అదే మొత్తం. ఇద్దరి తరువాత నామినీకి 5,000 పింఛను వారికయితే 8,50,000 రూపాయలు, 1,000 వారికయితే 1,70,000.

ఇక్కడ వయస్సే సర్వస్వం. నెలకు 5,000 పింఛను కావలెనంటే 18 ఏళ్ళకు చేరినవారు నెలకు 210 రూపాయలు కడితే చాలును. 30 ఏళ్ళకు చేరితే 577, అనగా రోజుకు దాదాపు 19 రూపాయలు. 35కు 902. 39కి 1,318. 40కి 1,454. 40 దాటిన తరువాత ఎంత కడతానన్నా తలుపు తెరవరు. ఈ అంకెలను సంఘం నోటీసు బోర్డుపై వెన్న శాతం రేట్ల పట్టిక ప్రక్కన అంటించవలెనని నా సూచన. వెన్న ఒక పూట తగ్గితే మరునాడు పెరుగుతుంది. ఇది అటువంటిది కాదు.

చందా ప్రతినెలా బ్యాంకు ఖాతా నుండి దానంతట అదే కోత పడుతుంది. ఖాతాలో సొమ్ము లేకపోతే ఆలస్య రుసుము ప్రతి 100 రూపాయలకు నెలకు ఒక రూపాయి. మన సభ్యులకు పాల బిల్లు పక్షానికొకసారి జమ అవుతుంది గనుక, బిల్లు పడిన వెంటనే కోత వచ్చే తేదీ పెట్టుకోవడం మంచిది. పాలు తక్కువగా ఉండే వేసవి నెలలకు కొంత సొమ్ము ఖాతాలో ఉంచవలెను. చందాను మూడు నెలలకో, ఆరు నెలలకో ఒకసారి కట్టే వీలు కూడ ఉన్నది.

సభ్యులకు మరో రెండు పథకాలు ఉన్నవి. రెండూ 2019 నాటివి. ఐదెకరాల లోపు, అనగా రెండు హెక్టార్ల వరకు సాగుభూమి ఉన్న రైతులకు కిసాన్ మాన్‌ధన్. భూమి లేక బర్రెలపైనా కూలిపైనా బ్రతికే, నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి శ్రమయోగి మాన్‌ధన్. రెండింటిలోను వయస్సు 18 నుండి 40. చందా వయస్సును బట్టి నెలకు 55 నుండి 200 రూపాయలు. అంతే సొమ్ము కేంద్రం తన వంతుగా వేస్తుంది. 60 తరువాత నెలకు 3,000 రూపాయలు. తరువాత భార్యకో భర్తకో సగం. పి.ఎఫ్. ఉన్నవారు వీటికి పనికిరారు. అందుచేత బీడీ కార్ఖానాలో నంబరు ఉన్న ఆడవారు ఇక్కడ పేరు వ్రాయించరాదు. ఆ ఇంట్లో పి.ఎఫ్. లేని మరొకరు చేరవచ్చును. మాన్‌ధన్ రెండింటిలో ఏదో ఒకటే.

"అభయహస్తం కట్టినం సార్"

ఈ సంగతులు చెబుతున్నపుడు ఆ సభలో వెనుక కూర్చున్న ఒక అవ్వ లేచి, "అభయహస్తం కట్టినం సార్, రోజుకో రూపాయి. ఏమైంది?" అన్నది. సభ నిశ్శబ్దమైపోయినది. ఆమె ప్రశ్న న్యాయమైనదే. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పొదుపు సంఘాల మహిళల కొరకు ఆ పథకం పెట్టినది. సభ్యురాలు సంవత్సరానికి 365 రూపాయలు, ప్రభుత్వం 365 రూపాయలు. 60 తరువాత నెలకు కనీసం 500 రూపాయలు. తెలంగాణ ఏర్పడిన తరువాత అది సాగలేదు. పింఛను అని కట్టినవారికి చివరకు మిగిలినది కట్టిన సొమ్ము వెనుకకు అడగడమే.

నేను ఆమెతో వాదించలేదు. ఏ ప్రభుత్వ పథకమూ మారదని హామీ పత్రం వ్రాసి ఇచ్చే అధికారం నాకు లేదు. కాని ఒక తేడా చెప్పినాను. అటల్ పింఛనులో ప్రతి చందాదారుకు సొంత ఖాతా నంబరు ఉంటుంది, కట్టిన ప్రతి రూపాయి ఆ నంబరు క్రింద కనబడుతుంది. 60కి ముందే మానివేస్తే తన చందా, దానిపై వచ్చిన రాబడి తనకే. ఆ నంబరు కాగితం పాల కార్డుతో పాటు ఒకే సంచిలో పెట్టుకొమ్మన్నాను. అవ్వ తన మనుమరాలిని ముందుకు నెట్టి, "దీనికి వ్రాయుండ్రి" అన్నది. ఆ పిల్లకు 19 ఏళ్ళు.

ఆ నంబరు అడగడం అలవాటయితే మరొక మేలు కూడ ఉన్నది. నెలకు 500 కట్టండి, 60 తరువాత 10,000 ఇస్తాం అంటూ తిరిగేవారు మన ఊళ్ళకు వస్తూనే ఉంటారు. పింఛను నియంత్రణ సంస్థ గాని, బీమా నియంత్రణ సంస్థ గాని గుర్తించని చోట కట్టిన సొమ్ముకు దిక్కు లేదు. అనుమతి లేకుండ జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడం 2019 చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం వారిని శిక్షిస్తుంది గాని మన సొమ్మును వెంటనే తెచ్చి ఇవ్వదు.

సంఘాలు కూడ మంచి ఉద్దేశంతోనే ఇటువంటి పని చేయరాదు. లీటరుకు అయిదు పైసలు ఆపి "వృద్ధాప్య నిధి" అని పెట్టి, దానిని మళ్ళీ బర్రెల అప్పులుగా ఇచ్చిన సంఘం నా తనిఖీలో బయటపడినది. ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వవలెనో బైలాలలో ఒక్క వాక్యం లేదు. పింఛను నడపడం పాల సంఘం పని కాదు. సంఘం చేయగలిగినది మూడోవారి దగ్గర, నిబంధనలున్న చోట, ఉద్యోగి పేరనే కట్టించడం.

ఆ సంఘం చివరకు అదే చేసినది. తరువాతి పాలకవర్గ సమావేశంలో తీర్మానం వ్రాసినారు: ఉద్యోగి అటల్ పింఛనులో చేరితే, చందాలో సగం సంఘం అలవెన్సుగా అతని బ్యాంకు ఖాతాకు జీతంతో పాటు జమ చేయవలెను, వ్యవస్థా ఖర్చుల క్రింద వ్రాయవలెను, ప్రతి సంవత్సరం బడ్జెటులో చూపి మహాజన సభ ఆమోదం పొందవలెను. చేతికి నగదు ఇవ్వరాదు. ఈ చివరి వాక్యం నేను చేర్పించినాను.

పరీక్షకుడు బ్యాంకుకు పోయినాడు. నేను భయపడినది ఒకటే. మన వైపు చాల మంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, సంవత్సరం ఎవరో ఊహించి వ్రాసినది. అతనిది బడి సర్టిఫికెట్టు ప్రకారమే ఉన్నది. 39 నిండి ఏడు నెలలు. 5,000 పింఛనుకు నెలకు 1,318 కట్టడం తన వల్ల కాదన్నాడు. 2,000 పింఛను కోరుకొన్నాడు. నెలకు 528; అందులో 264 సంఘానివి.

పెద్దాయనకు మహాజన సభ మరుసటి వారం సభ్యులు చందా వేసి కొంత సొమ్ము ఇచ్చినారు. ఆసరా దరఖాస్తుకు కాగితాలు నేనే చూచి పంపినాను. ఆయన స్థానంలో వచ్చిన కార్యదర్శి వయస్సు 26. వేతనాల రిజిస్టరులో కొత్తగా రెండు గడులు గీయించినాను: ఒకటి పింఛను ఖాతా నంబరు, రెండవది ఆ నెల చందా జమ అయిన తేదీ. ఈ సంవత్సరం తనిఖీకి వచ్చినపుడు మిగతా సంఘాలలో కూడ మొదట ఆ రెండు గడులే చూస్తాను. కార్యదర్శులు రిజిస్టరుతో పాటు ఉద్యోగుల ఆధార్ నకళ్ళు, బ్యాంకు పాసుపుస్తకాలు కూడ సిద్ధంగా ఉంచగలరు.